జోయల్ పెంచిన జుట్టు

కళ్యాణదుర్గం ఆటో స్టాండులో జోయల్ ఎవరని అడిగితే డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. జడ జోయల్ అని అడగాలి. "ఓ, ఆయప్పనా!" అని ముగ్గురు ఒకేసారి చేయి చూపిస్తారు. చూపించిన చోట పొట్టి క్రాపుతో, బక్కపలచగా, ముప్పై ఏళ్లకు ఇంకా ఒకటి రెండు తక్కువున్న మనిషి ఆటో అద్దం తుడుచుకుంటూ కనిపిస్తాడు. జడ లేదు. అది పోయి ఏడాది కావస్తున్నా పేరు మాత్రం అతన్ని పట్టుకునే ఉంది.

జోయల్‌ది ఎర్రమిట్ట. టౌను నుంచి ఆటోలో అరగంట దారి. వాళ్ల నాయన రామప్పకు కొంచెం మెట్ట చేను ఉంది. వాన పడితే చెనిక్కాయ అనే వేరుశనగ, పడకపోతే ముళ్లకంప. బోరు వేయించిన ప్రతిసారీ దుమ్మే లేచాక రామప్ప నేల మీద ఆశ తగ్గించుకుని కొడుకును ఆటో మీద కూర్చోబెట్టాడు. తల్లి సుంకమ్మ బాప్తిస్మం తీసుకుంది కానీ పేరు మార్చుకోలేదు. "దేవునికి నేనెవురో తెలుసులే అయ్యా, పేరుతో పనేముండాది" అని పాస్టరుకే చెప్పిన మనిషి.

జోయల్ మాట తక్కువవాడు. బీడీ ఎరగడు, సీసా ఎరగడు. ఉన్న సోకు ఒక్కటే, క్రాపు. వారం మార్చి వారం ఓబుళేసు అంగడికి పోయి పక్కలు సన్నగా కోయించి, పైన దువ్వి నిలబెట్టించుకునేవాడు. ఓబుళేసూ అతనూ ఒకే బడిలో చదువుకున్నారు. ఓబుళేసు కొత్త రకం క్రాపు ఏది నేర్చుకున్నా మొదట జోయల్ తల మీదే వేసి చూసేవాడు. అలాంటి తలకాయ రెండున్నరేళ్లు కత్తెర ఎరగకుండా ఉంటుందని ఎవరైనా చెబితే స్టాండంతా నవ్వి ఉండేది.

పొద్దున్నే ఎర్రమిట్టలో బయల్దేరే ట్రిప్పులో మస్తానాబీ, ఆమె కూతురు అనీసా ఎక్కేవాళ్లు. మస్తానాబీ టౌనులో చెనిక్కాయల మిల్లులో గింజలు ఏరే పనికి పోతుంది. భర్త పీరాసాబ్ బెంగళూరులో సెంట్రింగ్ పనిలో ఉంటాడు, నెలకో రెండు నెలలకో వస్తాడు. అనీసా ఆ ఏడే ఆరో తరగతిలో చేరింది, టౌను హైస్కూల్లో. ఎప్పుడు చూసినా తలకు గుడ్డ చుట్టుకుని ఉండేది. సాయిబుల పిల్ల కదా, కట్టుకుంటుంది అనుకున్నారే గానీ ఎవరూ దాన్ని గురించి ఇంకో ఆలోచన చేయలేదు. జోయల్ కూడా చేయలేదు.

ఆషాఢంలో ఆ దారిన గాలి ఎట్లా వీస్తుందో ఆ పక్కవాళ్లకు చెప్పనక్కర్లేదు. గుట్టల మీద గాలిమరలు గిరగిరా తిరుగుతుంటాయి, కింద చేలల్లో ఎర్రమన్ను లేచి కళ్లల్లో కొడుతుంది. ఆ రోజు ఆటో నిండా జనం. అనీసా అంచున కూర్చుని ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో పుస్తకాల సంచి పట్టుకుంది. మిట్ట దిగుతుండగా ఎదురుగాలి ఒక్క విసురు విసిరి, తల గుడ్డను లాక్కుపోయింది.

ఆ పిల్ల తల మీద జుట్టు లేదు. అక్కడక్కడా చేతికి అందీ అందని నూగు, మిగతాదంతా నున్నగా, పుట్టిన పిల్లల తలలాగా ఉంది. వెనక సీటులో ఒకామె "అయ్యో, అయ్యో" అని నాలుకతో చప్పుడు చేసింది. ఇంకొకామె "ఏం రోగమమ్మా" అంది.

జోయల్ ఆటో ఆపి దిగాడు. గుడ్డ చేనుగట్టు మీద తుమ్మకంపకు చిక్కుకుని కొట్టుకుంటోంది. కంప చేతులకు గీసుకుంటున్నా నిదానంగా, చిరగకుండా విడిపించాలని చూశాడు కానీ ఓ పక్క చిరిగింది. తెచ్చి, ఆ పిల్ల వైపు చూడకుండా చేయి చాపి ఇచ్చాడు. సీటులో కూర్చుని, వెనకవాళ్లు కనిపించే అద్దాన్ని పైకి తిప్పేశాడు. అనీసా గుడ్డ కట్టుకునేదాకా బండి కదిలించలేదు.

బడి దగ్గర దిగేటప్పుడు ఆ పిల్ల అంది: "అన్నా, కంప గీసుకుంది నీకు."

"ఏం కాదులే పాపా. గాలి శానా ఉండాది ఈపొద్దు."

"ఉంటే ఉండనీ. నాకు ఎగిరిపోయేదానికి ఇంగేముండాది" అని ఆ పిల్ల గబగబా లోపలికి వెళ్లిపోయింది. ఏడుస్తూ అనలేదు, కోపంగానూ అనలేదు. ఉన్న మాట చెప్పినట్టు చెప్పింది. జోయల్‌కు ఆ మాట రోజంతా చెవుల్లో ఉండిపోయింది.

సాయంత్రం మిల్లు నుంచి వస్తూ మస్తానాబీ ముందు సీటు పక్కన కూర్చుంది. అడగకుండానే చెప్పింది. నాలుగో తరగతిలో ఉండగా తల వెనక రూపాయి బిళ్లంత మేర జుట్టు ఊడింది. పేనుకొరుకుడు అన్నారు. గురిగింజ నూరి పూయమంటే పూసింది, ఉల్లిగడ్డ రుద్దమంటే రుద్దింది. తల మండి బిడ్డ ఏడ్చిందే గానీ వెంట్రుక మొలవలేదు. ఆ బిళ్ల పక్కన ఇంకో బిళ్ల, ఏడాది తిరక్కుండా అన్నీ కలిసిపోయాయి. అనంతపురం పెద్దాసుపత్రికి పోతే డాక్టరమ్మ నిదానంగా కూర్చోబెట్టి చెప్పింది. ఇది అంటుకునేది కాదు, ప్రాణానికి భయం లేదు, ఒంట్లో శత్రువులతో పోట్లాడే బలమే దారి తప్పి తన జుట్టు మీద పడింది. మందులు వాడదాం. రావచ్చు, రాకపోవచ్చు, వచ్చి మళ్లీ పోవచ్చు.

"ప్రాణానికి భయం లేదంటే సంతోషపడాల్నే గదా జోయలూ. పడినాను. అయినా పొద్దున దువ్వెన కనపడితే తీసి దాచిపెడతా."

"ఇంగ చేసేదేమీ లేదా అక్కా?"

"బెంగళూరులో ఎవురో ఉండారంట. ఇట్లాంటి పిల్లోళ్లకు విగ్గులు ఊరికే చేసిస్తారంట. అనీసా వాళ్ల అబ్బా పోయి బిడ్డ పేరు రాయించి వచ్చినాడు. పిల్లోళ్లు శానామంది ఉండారు, ఎంటికలు తక్కువుండాయి అన్నారంట. నిజం ఎంటికలే కావాల. రంగు ఎయ్యనివి, అడుగు పొడవుండేవి. మనోళ్లు గుండు కొట్టిచ్చుకుంటే దేవునికి పోతాయి. ఇట్లా ఇయ్యొచ్చునని ఎవురికి తెలుసు?"

జోయల్ కొంచెం దూరం బండి నడిపాక అడిగాడు. "మగోళ్లవి పనికొస్తాయా?"

మస్తానాబీకి ఆ రోజు మొదటిసారి నవ్వు వచ్చింది. "పనికొస్తాయేమో. మీవి అడుగు పొడుగు యాడ పెరుగుతాయప్పా? మెడ మీదికి రాకముందే మంగలంగడికి ఉరుకుతారు."

ఆ వారం ఓబుళేసు ఎదురుచూశాడు. జోయల్ రాలేదు. తర్వాతి వారమూ రాలేదు. వేరే అంగడికి పోతున్నాడేమోనని ఓబుళేసుకు అనుమానం వచ్చి స్టాండుకే వచ్చి తల పట్టుకుని తిప్పి చూశాడు. "యాడా కత్తెర పడలేదే! ఏమప్పా, నా మీద అలిగినావా?"

"అలగలేదు. పెంచుదామనుకున్నా, అంతే."

జుట్టు పెంచడమంటే ఊరికే ఉండడమే కదా అనుకున్నాడు జోయల్. మొదటి కొన్ని నెలల్లోనే అది కాదని తెలిసింది. చెవుల మీదికి వచ్చాక అటూ కాక ఇటూ కాక నిలబడింది. చెమటకు మెడ మీద అంటుకుని దురద. బండి నడుపుతుంటే కళ్లల్లో పడేది. రబ్బరు బ్యాండు వేస్తే వెనక పిచ్చుక తోకంత పిలక లేచేది. అది చూసి స్టాండులో ఆంజి అనే డ్రైవరు రోజూ ఒక కొత్త పేరు పెట్టేవాడు. ఒకసారి తనిఖీలో పోలీసాయన లైసెన్సు ఫోటో వైపు, జోయల్ వైపు మార్చి మార్చి చూసి, "ఈ బండి ఎవురిది? ఆ మనిషిని పిలువు" అన్నాడు.

నీళ్ల సంగతి ఇంకో కష్టం. ఎర్రమిట్టలో కొళాయి నీళ్లు నాలుగైదు రోజులకోసారి వస్తాయి, ఎండాకాలం ట్యాంకరే గతి. చెంబెడు నీళ్లతో తల తడుపుకునే మనిషికి ఇప్పుడు బిందె చాలడం లేదు. సుంకమ్మ గొంతు పెంచింది. "నా తలకు నేను శీకాయ పెట్టుకుని నెలయింది. మొగోడికి నీకేంటికిరా ఇంత జుట్టు? పాస్టరయ్య ఏమన్నాడో ఇన్నావా?"

పాస్టరు ఆదివారం ప్రసంగంలోనే అన్నాడు, పేరు పెట్టకుండా. మగవాడు జుట్టు పెంచుకోవడం బైబిలు వాక్యానికి ఒప్పదని, సోకులు మనిషిని ఎటు తీసుకుపోతాయో చెప్పనక్కర్లేదని. చర్చిలో ఉన్న తలలన్నీ వెనక వరసలో ఉన్న ఒక్క తల వైపే తిరిగాయి. రామప్ప మాత్రం ఇంటికి వచ్చాక, "పోనీలేవే, వాన లేకపోయినా పెరిగే పైరు మనింట్లో ఇదొక్కటే" అని నవ్వాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం జుట్టు ఉండలు కట్టి దువ్వెన దిగక జోయల్ తిప్పలు పడుతుంటే, సుంకమ్మ చూసి చూసి దువ్వెన లాక్కుంది. కొడుకును గడప ముందర కూర్చోబెట్టి, కాసింత కొబ్బరినూనె రాసి, చివర్ల నుంచి మొదలుపెట్టి చిక్కు తీయసాగింది. పైనుంచి లాగుతున్నందుకే నొప్పి అని అప్పుడు తెలిసింది జోయల్‌కు. తల్లి చేయి అతని తల మీద అంతసేపు ఉండి ఎన్నేళ్లయిందో ఇద్దరికీ గుర్తులేదు.

"ఆడబిడ్డ లేదని ఏడిస్తే దేవుడు నిన్నిట్ల జేసినాడు" అంది సుంకమ్మ. మాట గరుకుగా ఉన్నా చేయి మెత్తగానే ఉంది. "ఇప్పుడన్నా చెప్పురా. ఎవురి కోసం ఇది?"

జోయల్ చెప్పేశాడు. సుంకమ్మ చేయి ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ కదిలింది. "ఆ బిడ్డకా" అంది, అంతే. ఆ రోజు నుంచి ఇంట్లో జుట్టు గురించి గొడవ లేదు. తన బిందెలోంచి నీళ్లు తీసి కొడుకు తల రుద్దేది.

అయితే సుంకమ్మ కడుపులో మాట దాగదు. కొడుకు మీద ఊరు వేసిన నింద తుడిచేయాలని ఆమెకు ఆత్రం. కొళాయి దగ్గర ఒకరికి చెప్పింది. వారం తిరిగేసరికి ఎర్రమిట్టంతా తెలిసింది, ఆ తర్వాత స్టాండంతా. ఎగతాళి చేసిన నోళ్లే ఇప్పుడు మెచ్చుకున్నాయి. ఆంజి టీ తాగించాడు. పాస్టరు భుజం మీద చేయి వేసి, "నాకు చెప్పకూడదా జోయలూ" అన్నాడు. ఆటో ఎక్కినవాళ్లంతా "ఎంత మంచి మనసప్పా నీది" అనేవాళ్లు. అని, అనీసా వైపు తిరిగి చూసేవాళ్లు. "ఈ పాపకేనా?" "ఎట్ల వచ్చింది తల్లీ నీకిది?" ఒక ముసలాయన దీవిస్తున్నాననుకుని గుడ్డ మీదే ఆ పిల్ల తల నిమిరాడు. అనీసా ముడుచుకుపోయి ఆటో పక్క కమ్మీకి అతుక్కుంది.

జోయల్ ఇవన్నీ చూశాడు. చూసీ, మెచ్చుకోళ్ల తీపిలో సరిగ్గా చూడలేదు.

మర్నాటి నుంచి అనీసా ఆటో ఎక్కలేదు. "బస్సుకు పోతానంటాది. ఎంత చెప్పినా ఇనదు" అంది మస్తానాబీ, అతని మొహం వైపు చూడకుండా. బస్సు ఎర్రమిట్ట లోపలికి రాదు. రోడ్డు దాకా ఎండలో నడవాలి. బస్సు ఒక్కోరోజు వస్తుంది, ఒక్కోరోజు రాదు.

అట్లా బస్సు రాని ఒకరోజు, సాయంత్రం ఖాళీ ఆటోతో వస్తున్న జోయల్‌కు రోడ్డు పక్కన సంచి తగిలించుకుని నడుస్తున్న అనీసా కనిపించింది. ఆపాడు.

"ఎక్కు పాపా. ఎవురూ లేరు బండిలో."

"నడుచుకుంటా పోతా."

"నా మీద కోపమా?"

ఆ పిల్ల ఆగింది. మొహం ఎర్రగా ఉంది, ఎండకో, దేనికో. "నేనడిగినానా అన్నా నిన్ను పెంచమని?"

"లేదు."

"అమ్మ అడిగిందా?"

"లేదు పాపా."

"మరి? మొదట్లో నాకు ఎంటికలు లేవని మా ఇంట్లోవాళ్లకే తెలుసు. ఆపొద్దు గాలికి ఆటోలో ఉండే పదిమంది చూసినారు, మర్చిపోయినారు. ఇప్పుడు దుర్గం టౌనంతా తెలుసు. నన్ను చూపిచ్చి నువ్వు మంచోడివయితివి."

ఇంజను ఆడుతూనే ఉంది. ఆ పిల్ల నడక సాగించింది. అతను అక్కడే కాసేపు కూర్చుని, దుమ్ములో చిన్నదవుతున్న ఆ బడి బట్టల్ని చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ పిల్ల చెప్పింది నిజం. మంచివాడు అనిపించుకోవడం తనకు నచ్చింది. ఒక్కరితో కూడా "ఆ పాప మాట ఎత్తొద్దు" అనలేదు తను. తల్లి బయటపెట్టిందని సర్దిచెప్పుకోవచ్చు. కానీ ఆటోలో వెనక్కి తిరిగి చూసిన ప్రతి చూపుకూ దారి ఇచ్చింది తన జుట్టే.

కొరిగించుకుందామా అని ఆ రాత్రి ఒక ఆలోచన వచ్చింది. కొరిగించుకుంటే పేరు పోతుంది, జుట్టూ పోతుంది, ఆ పిల్లకు ఒరిగేది ఏముంది? పొద్దున లేచి తల్లితో అన్నాడు. "అమ్మా, ఇంగ ఎవురడిగినా మొక్కు అని చెప్పు. ఆ పాప పేరు మనింట్లో నుంచి బయటికి రాకూడదు." సుంకమ్మ కొడుకు మొహం చూసి సరేనంది.

మొక్కు అనే మాట క్రైస్తవుల ఇంట్లో అంత తేలిగ్గా నడిచేది కాదు. "ఏ దేవునికప్పా?" అని ఎగతాళులు మళ్లీ మొదలయ్యాయి. అనీసా కోసమని విన్నవాళ్లు అడిగితే, "అదంతా ఎవురో పుట్టిచ్చిన మాట, నాది వేరే" అనేవాడు. మెచ్చుకున్నవాళ్లే మాట మార్చాడని సణిగారు. పాస్టరు పిలిచి మందలించాడు. జోయల్ తల వంచుకుని విని, "నేను దేవునికి చెప్పుకున్నాలే అయ్యగారూ" అని వచ్చేశాడు. అదే ఏడు యాడికి అనే ఊరి వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. సారా అనే అమ్మాయి, నర్సు చదువు చదివింది. ఆమె మేనమామ ఇంటికి వచ్చి, కాఫీ తాగి, ముడి వేసుకున్న పెళ్లికొడుకును ఓ మారు చూసి, కబురు చేస్తామని వెళ్లాడు. ఆ కబురు రాలేదు. సుంకమ్మ వారం రోజులు మొహం మాడ్చుకుంది. జోయల్‌కూ బాధ లేకపోలేదు.

కొత్త మాటలు వస్తే పాతవి పోతాయి. ఆ ఏడు వానలు బాగా వెనకబడ్డాయి, జనానికి చెనిక్కాయ గురించిన దిగులు ముందు జోయల్ జుట్టు ఎంత? మెల్లగా అనీసా పేరు ఆ మాటల్లోంచి జారిపోయింది. మిగిలింది జడ జోయల్ అనే పేరొక్కటే.

ఏడో తరగతి పరీక్షల ముందర పీరాసాబ్ బెంగళూరు నుంచి ఒక అట్టపెట్టె తెచ్చాడు. అందులో విగ్గు ఉంది. రాయించిన పేరుకు వరస వచ్చింది. ఆ సంగతి మస్తానాబీ ఆటోలో రహస్యం చెప్పినట్టు చెవిలో చెప్పింది. జోయల్ "మంచిదయిందక్కా" అన్నాడు. సంతోషమే. అయినా లోపల ఏదో ఖాళీ అయినట్టు అనిపించింది. తను పెంచుతుండగానే, తన ప్రమేయం లేకుండా పని అయిపోయింది. ఇప్పుడు ఈ భుజాల మీద పడుతున్నది ఎవరి కోసం?

ఏప్రిల్ ఎండలో ఒక మధ్యాహ్నం, ఒంటిపూట బడి వదిలాక, స్టాండులో ఆటో నీడన కూర్చున్న జోయల్ దగ్గరికి ఒక పిల్ల వచ్చి నిలబడింది. భుజాల దాకా జుట్టు, పక్కన చిన్న పిన్ను. అతను గుర్తుపట్టేలోపే ఎక్కి కూర్చుంది.

"పోదామా అన్నా? బస్సు రాలేదు."

ఆ ట్రిప్పుకు ఇంకెవరూ రాలేదు. జోయల్ ఒక్కదాని కోసమే బండి తీశాడు. టౌను దాటాక వెనక నుంచి "అబ్బా, కాలిపోతాంది" అని వినిపించింది. అద్దంలో చూస్తే అనీసా విగ్గు తీసి ఒళ్లో పెట్టుకుని, నున్నటి తలను గాలికి వదిలి కళ్లు మూసుకుని ఉంది. గుడ్డ కూడా లేదు. జోయల్ చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు. ఈసారి అద్దం పైకి తిప్పలేదు. ఆ పిల్ల దాక్కోవడం లేదు కదా అనుకున్నాడు.

"బడిలో బాగుండాదా పాపా?"

"బాగుండాది. కొత్తగా వచ్చిన టీచరుకు తెల్లేదు గూడా." ఒళ్లో ఉన్న విగ్గును పాయలు విడదీస్తూ, "అన్నా, దీంట్లో ఒకరివే గాదు. ఈడ సన్నగుండాయి, ఈడ లావుగుండాయి. ఒకటి రెండు ఎర్రగా గూడా. ముగ్గురో నలుగురో ఇచ్చినట్టుండారు. వాళ్లెవురో నాకు తెలీదు, నేనెవురో వాళ్లకు తెలీదు" అంది. ఆ తెలియకపోవడం ఆ పిల్లకు నచ్చిందని గొంతులోనే తెలిసింది.

"ఇంగ నేను కొరిగిచ్చుకుంటా అనుకుంటాండా" అన్నాడు జోయల్. "నీకొచ్చె గదా."

అనీసా ఊరి మలుపు దగ్గర బండి ఆపమని, సంచిలోంచి స్కేలు తీసి, ముందుకు వంగి అతని ముడి విప్పి కొలిచింది. "ఇంగా నాలుగంగుళాలు తక్కువుండాది. ఇప్పుడు కొరిగిచ్చుకుంటే దేనికీ పనికిరాదు. నాకు పేరు రాసినప్పుడు ఇంగా శానామంది ఉండిరంట, మా అబ్బా వచ్చి చెప్పినాడు."

"పెంచమంటావా?"

"నేను అన్లేదు. నీ ఎంటికలు, నీ ఇష్టం" అంది అనీసా. అంటూనే, విగ్గు తలకు సర్దుకుంటూ, "రోజూ ముడెయ్యాకు, రాలిపోతాయి. వదులుగా జడేసుకో" అని చెప్పి దిగిపోయింది.

జోయల్ పెంచాడు. ఆ మిగిలిన నెలలు ఎందుకో మొదటి రెండేళ్లకంటే తేలిగ్గా నడిచాయి. ఎవరి కోసమో తెలియదు, అడిగేవాళ్లూ లేరు, మెచ్చేవాళ్లూ లేరు. పొద్దున లేచి తల్లి చేత వదులుగా జడ వేయించుకుని బండి తీసేవాడు. అనీసా మళ్లీ ఆటోకే వస్తోంది. కొన్నాళ్లు విగ్గుతో, ఎండ ఎక్కువుంటే గుడ్డతో. మధ్యలో తల మీద నూగు వచ్చింది. మస్తానాబీ ఆశపడింది. మళ్లీ ఊడింది. ఈసారి మస్తానాబీయే ఎక్కువ ఏడ్చింది. కూతురు మాత్రం, "ఉండనీలేమ్మా, వస్తే వస్తాది" అని తల్లి కొంగు సర్దింది.

క్రిస్మస్‌కు ముందటి ఆదివారం ఓబుళేసు మధ్యాహ్నం అంగడి మూసి, లోపల జోయల్‌ను కూర్చోబెట్టాడు. ఆ అంగడిలో ఆడవాళ్లు అడుగుపెట్టడం అదే మొదలు. సుంకమ్మ, మస్తానాబీ, అనీసా గోడవారన బెంచీ మీద ఒద్దికగా కూర్చుని అద్దాల వైపు చూశారు. జుట్టు ముందురోజే కడిగి ఆరబెట్టి ఉంది. తడి ఉంటే బూజు పడుతుందని, పాయలుగా జడలు అల్లి రెండు చివర్లా బిగించి కత్తిరించాలని బెంగళూరు వాళ్లు పీరాసాబ్‌కు చెప్పారు.

ఓబుళేసు దువ్వెన పట్టుకుని నిలబడ్డాడు. "అల్లేది నాకు రాదప్పా. కొయ్యమంటే కోస్తా."

"నేనల్లుతా" అని సుంకమ్మ లేవబోయింది. ఆ లోపలే అనీసా లేచింది.

జుట్టు లేని పిల్ల జడ అల్లుతుంటే అందరూ ఆ వేళ్లనే చూశారు. నాలుగో తరగతిలో ఆగిపోయిన వేళ్లు మొదటి జడకు తడబడ్డాయి, ఒకచోట విప్పి మళ్లీ అల్లింది. రెండో జడకు వేళ్లకు దారి గుర్తొచ్చింది. నాలుగు జడలు అల్లి, రబ్బరు బ్యాండ్లు గట్టిగా బిగించి, వెనక్కి జరిగింది.

ఓబుళేసు కత్తెర వేశాడు. జడ ఒక్క కోతకు తెగలేదు. పగ్గం కోసినట్టు కొంచెం కొంచెంగా కొరుక్కుంటూ పోవాల్సి వచ్చింది. మొదటి జడ చేతిలోకి వచ్చినప్పుడు సుంకమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. జోయల్‌కు మెడ వెనక చల్లగా తగిలింది, అక్కడ చర్మం ఉందనే మర్చిపోయినట్టు. నాలుగూ తెగాక అద్దంలో ఎవరో కొత్త మనిషి ఉన్నాడు. చెవులు మరీ పెద్దవిగా ఉన్నాయి.

అనీసా నాలుగు జడలనూ రెండు చేతుల్లో పట్టుకుని ఎత్తి చూసింది. "అన్నా, ఇంత బరువుంటాదా?"

"నీకు తెల్దా?"

"ఉన్నప్పుడు తెలీదు గదా" అంది ఆ పిల్ల.

కాగితంలో చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు వేసి, జోయల్ పేరూ ఫోను నంబరూ రాసిన చీటీతో పీరాసాబ్ చేతికే ఇచ్చి పంపారు. క్రిస్మస్ ఆరాధనలో పాస్టరు ఆ పొట్టి తల చూసి ఏమీ అడగలేదు. బయటికి వచ్చేటప్పుడు మాత్రం చేయి పట్టుకుని ఒక క్షణం ఎక్కువ ఉంచాడు. ఎవరు చెప్పారో, ఏమి చెప్పారో జోయల్ విచారించలేదు.

సంక్రాంతి సెలవులు అయిపోయి బళ్లు తెరిచిన వారం, పొద్దున ట్రిప్పులో అతని ఫోనుకు బెంగళూరు వాళ్ల మెసేజీ వచ్చింది. ఇంగ్లీషులో ఉందని అనీసా చేతికిచ్చాడు. ఆ పిల్ల మొదటి మాట చదివి ఆగిపోయింది. పెదాలు బిగబట్టింది. ఆపుకోలేక పక్కున నవ్వింది.

"ఏమని ఉండాది పాపా?"

"డియర్ సిస్టర్ జోయల్ అంట! అక్కా జోయలూ, నీ అందమైన జుట్టు మాకు చేరింది, ఒక బిడ్డ మొహంలో నవ్వు చూడడానికి సాయం చేసినావు, అంటాండారు!"

మస్తానాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక కూర్చున్న వాళ్లకు సంగతి తెలియకపోయినా ఆ పిల్ల నవ్వు చూసి నవ్వారు. జోయల్ చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"అక్క గాదు, అన్న అని రాయనా?" అడిగింది అనీసా, బొటనవేలు ఫోను మీద ఆడిస్తూ.

జోయల్ ఆలోచించాడు. బెంగళూరులో ఎక్కడో ఎవరో కూర్చుని ఆ నాలుగు జడలు విప్పుతూ, ఈ జుట్టు పెంచిన అమ్మాయి ఎట్లా ఉంటుందో అనుకుని ఉంటారు. ఆ అమ్మాయిని లేకుండా చేయడానికి అతనికి మనసొప్పలేదు.

"ఏమీ రాయొద్దులే పాపా. అట్లే ఉండనీ" అన్నాడు. ముందర రోడ్డు మీద గొర్రెల మంద అడ్డం వచ్చింది. హారను కొట్టకుండా అవి దాటేదాకా ఆగాడు.